కారు హీటరు ఏల వేడెక్కదు?

హైదరాబాదులోని వెంగళరావు నగర్ వంటి ప్రాంతములలో జనవరి రాత్రుల కనిష్ఠ ఉష్ణోగ్రత సగటున 15 సెంటిగ్రేడు డిగ్రీలకు అటునిటుగా ఉండును. అందుచే అచ్చటి కార్లలో హీటరుతో పని అంతగా ఉండదు. అదే కారు శీతకాలమున అల్లూరి సీతారామరాజు జిల్లాలోని లంబసింగికి పోయినచో సంగతి వేరు. సుమారు 1000 మీటర్ల ఎత్తుననున్న ఆ గ్రామమున తెల్లవారుజామున ఉష్ణోగ్రత సున్నాకు చేరువగా దిగిన సందర్భములు కలవు. లోపలివారి ఊపిరిలోని నీటియావిరి చల్లని ముందు అద్దముపై మంచువలె పట్టును. ఆ సమయమున హీటరు చల్లగాలినే విసరినచో ఘాటు రోడ్డుపై డ్రైవరుకు దారియే కనబడదు.

హీటరుకు వేడి ఎచ్చటిది? ఇంజనులో మండిన పెట్రోలు శక్తిలో కొంత భాగము మాత్రమే చక్రములను త్రిప్పుటకు ఉపయోగపడును. మిగిలినదానిలో ఒక భాగము పొగతో పోవును. ఒక భాగమును ఇంజను చుట్టును ప్రవహించు శీతలద్రవము గ్రహించును. ఆ వేడిద్రవములో కొంత, డ్రైవరు ఎదుటనున్న పలకల వెనుక, ఒక చిన్న రేడియేటరు గుండా పోవును. పంకా దానిపై గాలిని విసరును. అదియే హీటరు.

ఇందు లెక్క సులభము. నిమిషమునకు 5 లీటర్ల నీరు ప్రవహించి 10 డిగ్రీలు చల్లబడినచో 50,000 కేలరీలు, అనగా సుమారు 3,500 వాట్ల ఉష్ణము లభించును. ప్రవాహము తగ్గినను, ద్రవము తగినంత వేడెక్కకున్నను హీటరు బలహీనపడును.

లోపమును కనుగొనుటకు మొదట ఇంజను పూర్తిగా చల్లారిన పిదప ద్రవమట్టము చూడవలెను. వేడిగానున్నప్పుడు మూత తీసినచో మరుగుద్రవము ఎగజిమ్మి ఒళ్లు కాలును. పెక్కు కార్లలో హీటరు గొట్టములు ఎత్తున ఉండును గనుక, ద్రవము తగ్గగానే అచ్చట గాలి చేరి ప్రవాహము నిలుచును.

మట్టము సరిగానున్నచో, కారును కొంతసేపు నడిపి, ఇంజను ఆపి, హీటరుకు పోవు రెండు గొట్టములను జాగ్రత్తగా తాకి చూడవలెను. రెండును గోరువెచ్చగానే ఉండి, ఉష్ణమాపకపు ముల్లు పైకి రాకున్నచో థర్మోస్టాటు తెరచుకొని నిలిచిపోయినదని అనుమానింపవచ్చును. సాధారణముగా అది 80–90 డిగ్రీల వరకు మూసికొని ఉండి ఇంజనును త్వరగా వేడెక్కనీయవలెను. ఒక గొట్టము వేడిగా, రెండవది చల్లగా ఉన్నచో, ప్రవాహము సన్నగిలి ద్రవము లోపలనే చల్లారిపోవుచున్నదని అర్థము. రెండును వేడిగానే ఉన్నచో లోపము నీటిలో కాదు. గాలిని మళ్లించు రేకులోనో, పంకాలోనో ఉండును.

ప్రవాహము సన్నగిలుటకు ఒక కారణము మన చేతులలోనిదే. శీతలద్రవమునకు బదులు బోరునీరు పోయుట కొందరికి అలవాటు. కఠినజలములోని కాల్షియం బైకార్బొనేటు వేడికి విడిపోయి కాల్షియం కార్బొనేటుగా గొట్టముల లోపల పేరుకొనును. నీళ్లు కాచు పాత్ర అడుగున కనబడు తెల్లని పొర ఇదే.

కావున బలహీనమైన హీటరు చలి బాధ మాత్రమే కాదు. ఇంజనుకు ద్రవము తగ్గుచున్నదను తొలి హెచ్చరిక కావచ్చును. దానిని ఉపేక్షించినచో వేసవిలో ఇంజనే మాడిపోవచ్చును. కొండకు బయలుదేరుటకు వారము ముందు ఇంటిముంగిటనే హీటరును పది నిమిషములు పరీక్షించుట ఉత్తమము.