సినిమా పాట కాదు.. సొంత పాట! విజయనగరం, శ్రీకాకుళంలో ‘ఇండీ’ కచేరీ వింటే తేడా ఏంటి?

చేతిలో గిటార్, ఎదురుగా మైక్. వెనక డ్యాన్సర్లు లేరు, పెద్ద తెర లేదు. పాట రాసిందీ, బాణీ కట్టిందీ, పాడేదీ ఒక్కరే. ఇలాంటి కచేరీ కోసం మన కుర్రాళ్లు వైజాగ్ బస్సెక్కుతున్నారు. విజయనగరం నుంచి దాదాపు 60 కిలోమీటర్లు, శ్రీకాకుళం నుంచి వందకు పైనే. అదే కచేరీ మన ఊళ్లోనే జరిగితే?

ఇండీ అంటే ఏంటి?

ఇండిపెండెంట్ అనే మాటకు అది పొట్టి రూపం. సినిమా పాటకు దర్శకుడు సందర్భం చెబుతాడు. ఇండీ పాటకు పాడేవాడి జీవితమే సందర్భం. తెగిపోయిన ప్రేమ, ఊరొదిలిన గుబులు, నిద్రపట్టని రాత్రి.. అన్నీ పాటలే. జైపూర్‌కు చెందిన ప్రతీక్ కుహాడ్ 2018లో ‘కోల్డ్/మెస్’ విడుదల చేశారు. మరుసటి ఏడాది ఒబామా తనకు నచ్చిన పాటల జాబితాలో దాన్ని చేర్చారు. సినిమా అండ లేకుండానే!

మన జిల్లాలకు ఇది కొత్తా?

పేరు కొత్త, పద్ధతి పాతదే. అజ్జాడలో 1864లో పుట్టిన ఆదిభట్ల నారాయణదాసు హరికథ తానే రాసి, తానే పాడి, ఆడేవారు. ‘నా యెరుక’ పేరుతో ఆత్మకథ కూడా రాసుకున్నారు. 1919లో విజయనగరంలో మొదలైన సంగీత కళాశాలకు తొలి ప్రిన్సిపాల్ ఆయనే. ఘంటసాల, పి.సుశీల చదివింది అక్కడే. పార్వతీపురం దగ్గర పెదబొండపల్లిలో పుట్టిన వంగపండు ప్రసాదరావు కూడా సొంత పాటే పాడారు. అవి ఒంటరి గుబులు పాటలు కావు, జనం పాటలు. అయినా రాసిన గొంతే పాడటం ఒక్కటే.

ఆర్కెస్ట్రాకీ దీనికీ తేడా?

జాతరలో ఆర్కెస్ట్రా పెడితే పాట మనకు ముందే తెలుసు. ఈలలేస్తాం, స్టెప్పులేస్తాం. ఇక్కడ పాట మొదటిసారి వింటాం. మాట వినపడకపోతే పాటే లేదు. అందుకే రెండు వందల మంది పట్టే గది చాలు. ఆనందగజపతి ఆడిటోరియం, బాపూజీ కళామందిర్ లాంటి హాళ్లున్నా, కొత్త గాయకుడికి కాలేజీ సెమినార్ హాలే నయం. సగం ఖాళీగా ఉన్న పెద్ద హాలు పాటను మింగేస్తుంది.

మరి ఇబ్బంది ఎక్కడ?

డబ్బు దగ్గర. జాతర పాట ఉచితం, కాబట్టి టికెట్ కొనే అలవాటు మనకు తక్కువ. రానూపోనూ ఖర్చు, సౌండ్ సిస్టమ్ అద్దె, హాలు అద్దె పోగా గాయకుడికి మిగిలేదేంటి? పైగా రెండో పాటకే ‘అన్నా, సినిమా పాట వెయ్యన్నా’ అని వెనక నుంచి కేక. దాంతో సొంత పాట కట్టగలిగిన మన పిల్లలు కూడా హైదరాబాద్ దారి పడుతున్నారు. మన యాసలో పుట్టాల్సిన పాట అక్కడికెళ్లాక యాస మార్చుకుంటోంది.

వెళ్తే ఏం చేయాలి?

ముందు రోజు ఆ గాయకుడి రెండు పాటలు ఫోన్‌లో వినండి. కచేరీలో ఒక్క పాట రికార్డ్ చేసుకుని ఫోన్ జేబులో పెట్టేయండి. పాట అయ్యాక వచ్చే ఆ రెండు క్షణాల నిశ్శబ్దాన్ని చప్పట్లతో చెరిపేయకండి. బాగుంటే బయటికొచ్చాక ఆ మాట గాయకుడికే చెప్పండి. చిన్న ఊళ్లో ఆ వీలుంటుంది. మళ్లీ మన ఊరు రావాలా వద్దా అన్నది చాలాసార్లు ఆ ఒక్క మాటే తేలుస్తుంది.