బిడ్డకు పాల అలర్జీనా? మాన్పించవలసింది తల్లిపాలు కాదు

“సిస్టర్, నా పాలు బాబుకు సరిపడటం లేదంటున్నారు. డబ్బా పాలు పట్టమంటారా?” పిల్లల ఓ.పి.కి వచ్చే తల్లులు కొందరు మమ్మల్ని ఇలా అడుగుతుంటారు. బిడ్డ దొడ్డికి వెళ్ళినప్పుడు రక్తపు చార కనిపించిందనో, బుగ్గల మీద ఎర్రగా పొక్కిందనో ఎవరో వారికి ఆ సలహా ఇచ్చి ఉంటారు. బిడ్డకు నిజంగా పాల అలర్జీ ఉంటే ఈ సలహా వల్ల కీడే జరుగుతుంది. మామూలు డబ్బా పాలు ఆవుపాలతో తయారవుతాయి. తల్లిపాల ద్వారా లేశమాత్రంగా అందుతున్న పదార్థాన్నే అప్పుడు సీసా నిండా పట్టినట్లవుతుంది. మారవలసింది తల్లి భోజనం. అదీ కొంతకాలమే.

పాల అలర్జీ అంటే ఏమిటి?

ఆవుపాలలో, గేదెపాలలో కేసీన్, వే అనే రకాల మాంసకృత్తులు ఉంటాయి. తల్లి పాలు తాగినప్పుడు, పెరుగు తిన్నప్పుడు ఇవి అతి స్వల్పంగా ఆమె రక్తంలో చేరి, అక్కడి నుండి చనుబాలలోకి వస్తాయి. దాదాపు పిల్లలందరికీ వీటివల్ల ఏ హానీ లేదు. తల్లిపాలు మాత్రమే తాగే పిల్లలు వెయ్యిమందిలో సుమారు ఐదుగురికి మాత్రం ఇవి సరిపడవు.

పాలలోని చక్కెర అరగకపోవడం వేరు. ఆ చక్కెర, అంటే లాక్టోజ్, తల్లి ఏమి తిన్నా తినకపోయినా ఆమె పాలలో సహజంగానే ఉంటుంది. తల్లి పథ్యంతో అది తగ్గదు.

ఎలా గుర్తించాలి?

• బిడ్డ హుషారుగా ఉండి, బరువు పెరుగుతూనే, విరేచనంలో జిగురుతో పాటు రక్తపు చారలు కనిపించడం. మొదటి ఆరు నెలల లోపు ఎక్కువగా కనిపించే లక్షణం ఇదే.
• మందు రాసినా తగ్గని ఎగ్జిమా.
• పదేపదే వాంతులు, విరేచనాలు, బరువు పెరగకపోవడం.

పాలు కక్కడం, సాయంత్రం వేళ ఏడవడం, ముక్కడం, ఆకుపచ్చగా దొడ్డికి వెళ్ళడం చాలామంది పిల్లల్లో మామూలే. ఇవి మాత్రమే ఉంటే తల్లి పాలు, పెరుగు మానవలసిన పని లేదు. రక్తం కనిపించడానికి వేరే కారణాలు కూడా ఉంటాయి. మలద్వారం దగ్గర చర్మం చిట్లవచ్చు, ఇన్‌ఫెక్షన్ కావచ్చు, తల్లి చనుమొన పగిలి ఆ రక్తాన్ని బిడ్డ మింగి ఉండవచ్చు. అందుకే ముందు పిల్లల డాక్టరుకు చూపించండి. రక్తపు చారలతో కనిపించే ఈ రకం అలర్జీ సాధారణంగా రక్తపరీక్షలో బయటపడదు. తల్లి పాలపదార్థాలు మాని చూడటం, మళ్ళీ తిని చూడటం, ఇదే అసలు పరీక్ష.

ఆలస్యం చేయకూడని సందర్భాలు: పెదవులు, ముఖం వాచినా, ఒళ్ళంతా దద్దుర్లు లేచి ఊపిరి కష్టమైనా, పొట్ట ఉబ్బి ఆకుపచ్చని వాంతులైనా, ఎర్రని జెల్లీలాంటి విరేచనంతో బిడ్డ మెలికలు తిరిగి ఏడ్చినా, బాగా నీరసపడి పాలు తాగకపోయినా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

మానితే పూర్తిగా మానాలి

డాక్టరు చెప్పిన మీదట తల్లి రెండు నుండి నాలుగు వారాలు పాలపదార్థాలు పూర్తిగా మానాలి. ఆవుపాలు, గేదెపాలు, మేకపాలు అన్నీ మానవలసినవే. వాటిలోని మాంసకృత్తులు దాదాపు ఒకేలా ఉంటాయి. పాలు కాచినా, తోడుపెట్టినా అవి పోవు.

పాలు, పెరుగు మానినవారు కూడా తరచుగా టీ దగ్గర పొరబడతారు. “రెండు చుక్కలేగా” అనుకుంటారు. ఆ రెండు చుక్కలతోనే పరీక్ష చెడిపోతుంది. ఇవి గుర్తుంచుకోండి:

• మజ్జిగ, మజ్జిగ పులుసు, పెరుగు పచ్చడి, మీగడ, వెన్న, జున్ను, కోవా, పన్నీరు. నెయ్యిలో కూడా కొద్దిగా మాంసకృత్తులు మిగిలి ఉండవచ్చు కనుక ఈ వారాల్లో అదీ వద్దు.
• పాయసం, పాలకోవా, మైసూరుపాకు, చాక్లెట్, ఐస్‌క్రీము.
• బిస్కెట్లు, కేకులు, కొన్ని రకాల బ్రెడ్డు.
• హార్లిక్స్, బూస్ట్ వంటి పొడులు, బాలింతల కోసం అమ్మే ప్రోటీన్ పొడులు.
• హోటల్ నేతి దోశలు, మీగడ వేసిన ఉలవచారు.

పొట్లం మీద పచ్చచుక్క ఉంటే అది శాకాహారమని మాత్రమే అర్థం. పాలు లేవని కాదు. పాలపొడి, మిల్క్ సాలిడ్స్, వే, కేసీన్ అనే మాటలు ఉన్నాయేమో చదవండి. చదవడం రాకపోతే ఇంట్లో పిల్లలచేత చదివించుకోండి.

మరి తల్లి ఏమి తినాలి?

“పాలు తాగితేనే పాలు పడతాయి” అని మన ఇళ్ళలో పెద్దలు అంటారు. అది నిజం కాదు. బిడ్డ ఎంత తరచుగా చీకితే పాలు అంత బాగా వస్తాయి. మాకు అసలు భయం మరొకటి. పథ్యం పేరుతో అప్పటికే కూరలు, పప్పు తగ్గించిన బాలింత ఇప్పుడు పెరుగు కూడా మానితే ఆమె కంచంలో చారన్నమే మిగులుతుంది. దానివల్ల తల్లి నీరసపడిపోతుంది. అమ్మలకు, అత్తలకు మా మనవి ఇదే: ఒకటి మాన్పిస్తే దాని బదులు మరొకటి తప్పక పెట్టండి. గుడ్డు, చేప, మాంసం, పప్పులు డాక్టరు చెప్పనిదే మాన్పించకండి.

పాలిచ్చే తల్లికి రోజుకు సుమారు 1,200 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. పాలు లేకుండా అది ఇలా సమకూర్చుకోవచ్చు:

• రాగులు: 100 గ్రాములలో సుమారు 350 మి.గ్రా. జావలో మజ్జిగకు బదులు బెల్లం గానీ, ఉప్పు, నిమ్మరసం గానీ కలుపుకోండి.
• నువ్వులు: 10 గ్రాములలో 100 మి.గ్రా.కు పైగా. నువ్వుల పొడి, బెల్లం కలిపిన నువ్వుల ఉండలు మంచివి.
• మునగాకు, తోటకూర: 100 గ్రాములలో 300 మి.గ్రా.కు పైగా.
• ముళ్ళతో సహా తినే చిన్న చేపలు.

తిండితో మాత్రమే లెక్క సరిపోవడం కష్టం. ప్రభుత్వ పథకం ప్రకారం కాన్పు తరువాత ఆరు నెలల వరకు 500 మి.గ్రా. కాల్షియం మాత్రలు రోజుకు రెండు వేసుకోవాలి. వాటిని మానకండి. ఐరన్ మాత్రతో కలిపి వేసుకోకండి, రెండు గంటలైనా ఎడం ఉండాలి. శాకాహారులు బి12, డి విటమిన్ల గురించి డాక్టరును అడగండి. అంగన్‌వాడీలో ఇచ్చే గుడ్డు, భోజనం తీసుకోండి. పాలు మాత్రం మీరు తాగకండి.

మళ్ళీ తిని చూడాలి

ఒక నోటుపుస్తకంలో మీరు తిన్నది, బిడ్డ విరేచనం ఎలా ఉన్నదీ రోజూ రాయండి. సాధారణంగా కొద్దిరోజుల నుండి రెండు వారాల్లో రక్తం తగ్గుతుంది. ఎగ్జిమాకు ఇంకా సమయం పడుతుంది. నాలుగు వారాలైనా మార్పు లేకపోతే కారణం వేరే అయి ఉండవచ్చు. ఊరికే పథ్యం కొనసాగించక డాక్టరును కలవండి.

తగ్గితే చాలామంది ఇక్కడే ఆగిపోతారు. కొందరు పిల్లల్లో ఏమీ మానకపోయినా రక్తం దానంతట అదే తగ్గుతుంది. కాబట్టి డాక్టరు సలహాతో తల్లి ఒక వారం పాటు మునుపటిలాగే పాలు, పెరుగు తీసుకోవాలి. లక్షణాలు తిరిగి వస్తే అలర్జీ ఖాయం, మళ్ళీ మానాలి. రాకపోతే తల్లి హాయిగా పెరుగన్నం తినవచ్చు. దద్దుర్లు, వాపు, ఊపిరి కష్టం వచ్చిన బిడ్డ విషయంలో మాత్రం ఈ ప్రయత్నం ఇంట్లో చేయకూడదు.

ఆరు నెలలు నిండాక

బిడ్డకు మొదట పెట్టేది చాలా ఇళ్ళలో పెరుగన్నమో పరమాన్నమో అవుతుంది. అలర్జీ ఉన్న బిడ్డకు అవి వద్దు. మెత్తని పప్పన్నం, రాగి జావ, ఉడికించిన కూరగాయలు, అరటిపండు పెట్టండి. వంటలో నేతికి బదులు నూనె వాడండి. అంగన్‌వాడీ వారు ఇచ్చే బాలామృతంలో, చాలా రకాల డబ్బా ఆహారాల్లో పాలపొడి ఉంటుంది. మేకపాలు, గాడిదపాలు మందుగా పట్టకండి. తల్లిపాలు చాలకపోతే డాక్టరు రాసిచ్చే ప్రత్యేకమైన పాలపొడి మాత్రమే వాడాలి.

ఈ అలర్జీ జీవితాంతం ఉండేది కాదు. విరేచనంలో రక్తం మాత్రమే కనిపించిన పిల్లల్లో చాలామందికి సంవత్సరం నిండేసరికి పోతుంది. సాధారణంగా తొమ్మిది నెలలు, సంవత్సరం మధ్యలో డాక్టరు మళ్ళీ పాలు పెట్టి చూడమంటారు. అంతవరకు తల్లి కడుపునిండా తింటూ, బిడ్డకు తన పాలు ఇస్తూ ఉండాలి. సందేహం వస్తే డబ్బా కొనకముందే బిడ్డను, మీ నోటుపుస్తకాన్ని తీసుకుని మా దగ్గరకు రండి.