ఓడోమీటరు చెప్పని వయసు

పాత కారు చూడటానికి వెళ్ళినవాళ్ళు ముందుగా డ్రైవరు తలుపు తీసి మీటరు చూస్తారు. అనుభవం ఉన్న మెకానిక్ మాత్రం ముందు బానెట్ మీద అరచెయ్యి వేస్తాడు. ఢిల్లీలో జనవరి ఉదయం, బయట ఏడెనిమిది డిగ్రీల చలి. రాత్రంతా ఆరుబయట నిలిచిన కారు రేకు చేతికి జిల్లుమని తగలాలి. గోరువెచ్చగా తగిలిందంటే, బేరం మొదలుకాకముందే ఎవరో ఇంజిన్‌ను ఒకసారి నడిపి ఉంచారన్నమాట. చల్లటి ఇంజిన్ మొదటి అర నిమిషంలో బయటపెట్టే లోపాలను వేడెక్కిన ఇంజిన్ దాచేస్తుంది.

కరోల్‌బాగ్‌లోని పాత కార్ల దుకాణాల నుంచి నోయిడా, గురుగ్రామ్, ఫరీదాబాద్‌ డీలర్ల యార్డుల దాకా వరుసగా నిలబెట్టిన కుటుంబ కార్ల మధ్య అక్కడక్కడా కుర్రకారును ఆపేసే కార్లు కొన్ని కనిపిస్తాయి. అసలు సిసలు స్పోర్ట్స్ కారు మన దేశంలో మధ్యతరగతికి అందేది కాదు. అందుకే టర్బో ఇంజిన్ ఉన్న చిన్న కార్లే ఇక్కడ ఆ ముచ్చట తీరుస్తున్నాయి. 2004లో వచ్చిన స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్, 2013లో వచ్చిన ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్‌ఐ, 2015లో వచ్చిన ఫియట్ అబార్త్ పుంటో ఆ కోవలోవే. అబార్త్ పుంటో 1.4 లీటర్ల ఇంజిన్‌తోనే 145 హార్స్‌పవర్ ఇచ్చింది.

గుంటూరు నుంచి వచ్చి నోయిడాలో ఉద్యోగం చేస్తున్న యువకుడొకరు అలాంటి కారు కొనాలనుకున్నారనుకుందాం. ధర అందుబాటులోనే ఉంది. కానీ మీటరు లక్ష కిలోమీటర్లు దాటింది. కొనొచ్చా? కొంటే ముందుగా ఏం బాగు చేయించాలి? ఆ లక్ష అనే అంకె ఈ రెండు ప్రశ్నలకూ జవాబు చెప్పలేదు.

కిలోమీటర్లు కాదు, గంటలు

ఓడోమీటరు చక్రాలు దొర్లిన దూరాన్ని లెక్కిస్తుంది. ఇంజిన్ అరుగుదల మాత్రం అది ఎన్ని గంటలు తిరిగింది, ఎలా తిరిగింది అన్నదాని మీద ఆధారపడుతుంది.

రెండు కార్లు తీసుకుందాం. ఒకటి యమునా ఎక్స్‌ప్రెస్‌వే లాంటి రహదారి మీద సగటున గంటకు 80 కిలోమీటర్ల వేగంతో లక్ష కిలోమీటర్లు తిరిగింది. అంటే 1,250 గంటలు. ఇంజిన్ సగటున నిమిషానికి 2,250 సార్లు తిరిగిందనుకుంటే మొత్తం దాదాపు 17 కోట్ల చుట్లు. రెండోది నగరం ట్రాఫిక్‌లో సగటున 20 కిలోమీటర్ల వేగంతో అదే లక్ష పూర్తి చేసింది. అంటే 5,000 గంటలు. సగటు 1,500 చుట్లే అనుకున్నా మొత్తం 45 కోట్లు. రెండు మీటర్ల మీదా అంకె ఒక్కటే. ఒక ఇంజిన్ మాత్రం రెండోదానికన్నా రెండున్నర రెట్లకు పైగా ఎక్కువ తిరిగింది.

అందుకే 60 వేల కిలోమీటర్ల నగరం కారు కన్నా, సక్రమంగా సర్వీసు చేయించిన లక్షా ఇరవై వేల కిలోమీటర్ల రహదారి కారు మెరుగ్గా ఉండొచ్చు. పైగా మీటరును వెనక్కి తిప్పే మోసాలూ ఉన్నాయి. సర్వీసు బిల్లుల మీద తేదీతో పాటు ఉండే రీడింగులను వరుసగా పేర్చి చూడాలి. క్లచ్, బ్రేకు పెడళ్ళ మీది రబ్బరు, స్టీరింగ్ మీది తోలు, డ్రైవరు సీటు అంచు కూడా సాక్ష్యం చెబుతాయి. 40 వేలు మాత్రమే తిరిగిందన్న కారులో పెడల్ రబ్బరు నున్నగా అరిగిపోయి ఉంటే అనుమానించాల్సిందే.

లోహాన్ని కాపాడే పొర

ఇంజిన్ సరిగా నడుస్తున్నంతసేపూ అందులోని చాలా లోహపు భాగాలు ఒకదాన్నొకటి నేరుగా తాకవు. మధ్యలో ఆయిల్ పొర ఉంటుంది. దాని మందం మైక్రాన్లలోనే, మన వెంట్రుక మందంలో చిన్న వంతు. క్రాంక్‌షాఫ్ట్ తగినంత వేగంగా తిరిగితే ఆయిల్‌ను తానే బేరింగు లోపలికి లాక్కుని, దాని మీద తేలుతుంది. రాత్రంతా ఆగి ఉన్న ఇంజిన్‌లో ఆయిల్ కిందికి దిగిపోయి ఉంటుంది. చలికి చిక్కబడి ఉంటుంది. స్టార్ట్ చేశాక మళ్ళీ పొర ఏర్పడేదాకా లోహం లోహాన్ని రాచుకుంటుంది. తొలి క్షణాల్లో వినిపించే టకటక చప్పుడు ఎక్కువసేపు ఆగకపోతే బేరింగుల అరుగుదలను, ఆయిల్ ఒత్తిడిని అనుమానించాలి. మెకానిక్ బానెట్ మీద చెయ్యి పెట్టింది ఈ చప్పుడు కోసమే.

ఆ పొరకు ఢిల్లీలో మరో శత్రువు దుమ్ము. ఇసుకలో ఉండే క్వార్ట్జ్ ఉక్కు కన్నా గట్టిది. ఎయిర్ ఫిల్టర్ చినిగినా, సరిగా బిగించకపోయినా ఆ రేణువులు సిలిండర్లోకి చేరి పిస్టన్ రింగులను గరుకు కాగితంలా అరగదీస్తాయి.

మూడో శత్రువు నీరు. లీటరు పెట్రోలు పూర్తిగా మండితే దాదాపు లీటరు నీరు ఆవిరి రూపంలో తయారవుతుంది. చలికాలం ఉదయం సైలెన్సర్ నుంచి వచ్చే తెల్లటి పొగ చాలావరకు ఇదే. ఇంజిన్ వేడెక్కాక అది తగ్గిపోవాలి. కారు రోజూ రెండు మూడు కిలోమీటర్లే తిరిగితే ఇంజిన్ పూర్తిగా వేడెక్కదు. ఆ నీటిలో కొంత, మండని పెట్రోలు కొంత ఆయిల్లో కలిసి దాన్ని పాడుచేస్తాయి. ‘తక్కువ తిరిగిన కారు’ అన్న మాట అన్నిసార్లూ మెచ్చుకోలు కాకపోవడానికి ఇదొక కారణం.

ఇంజిన్ వేడెక్కాక కూడా తెల్లపొగ ఆగకపోతే కూలెంట్ సిలిండర్లోకి వస్తోందేమో చూడాలి. నీలిపొగ వస్తే ఆయిల్ మండుతోందని అర్థం. నల్లపొగ అయితే పెట్రోలు అవసరానికి మించి పడుతోంది.

కొలిస్తే తెలిసేది

చెవికీ కంటికీ అందనిది పరికరంతో కొలవాలి. అందులో మొదటిది కంప్రెషన్ పరీక్ష. స్పార్క్ ప్లగ్గులు విప్పి, ఆ రంధ్రాల్లో ఒక్కోదానికి ప్రెషర్ గేజ్ బిగించి ఇంజిన్‌ను స్టార్టర్‌తో తిప్పుతారు. అంకె ఎంత అన్నదానితో పాటు, నాలుగు సిలిండర్లూ దగ్గరదగ్గరగా ఉన్నాయా అన్నదీ ముఖ్యం. మూడు 170 పీఎస్‌ఐ చూపించి, ఒకటి 120 దగ్గర ఆగితే సమస్య ఆ సిలిండర్లోనే ఉంది. అప్పుడు దానిలో ఒక చెంచా ఇంజిన్ ఆయిల్ పోసి మళ్ళీ కొలుస్తారు. ఒత్తిడి పెరిగితే, రింగుల సందులను ఆయిల్ కాసేపు మూసిందన్నమాట, అరిగింది రింగులే. పెరగకపోతే వాల్వులో, హెడ్ గ్యాస్కెట్టో లీకవుతున్నాయి. ఇంజిన్ విప్పకుండానే లోపలి రోగం తేల్చే పరీక్ష ఇది.

రెండోది కారు కంప్యూటర్‌ను చదివే ఓబీడీ స్కానర్. అమ్మే ముందు హెచ్చరిక దీపాన్ని ఆర్పడానికి లోపాల కోడ్లను చెరిపేయడం మామూలే. కానీ చెరిపేసిన వెంటనే కంప్యూటర్ తన సొంత తనిఖీలను మొదటి నుంచి మొదలుపెట్టాలి. ‘తనిఖీలు ఇంకా పూర్తికాలేదు’ అని స్కానర్ చూపిస్తే, కోడ్లు ఈమధ్యే చెరిపారేమో, బ్యాటరీ విప్పారేమో అడగాలి.

మూడోది పెయింట్ మందం కొలిచే గేజ్. ఫ్యాక్టరీ పెయింట్ మందం సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్లు ఉంటుంది. ఒక తలుపు మీద మాత్రం అది ఎన్నో రెట్లు పెరిగితే, కింద పుట్టీ ఉంది, అంటే ఆ కారు ఎక్కడో దెబ్బతింది. గేజ్ లేకపోతే పలుచటి గుడ్డలో చుట్టిన అయస్కాంతమైనా ఉక్కు రేకుకు, పుట్టీకి తేడా చెబుతుంది.

క్యాలెండరుతో వచ్చే ముసలితనం

లోహం తిరిగేకొద్దీ అరుగుతుంది. రబ్బరు, ద్రవాలు మాత్రం కారు కదలకపోయినా ముసలివవుతాయి. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే చాలా రసాయన చర్యల వేగం సుమారు రెట్టింపవుతుందని ఒక మోటు లెక్క. వేసవిలో 45 డిగ్రీలు తాకే ఢిల్లీలో బానెట్ కింద గొట్టాలు, సీళ్ళు, బుష్‌లు త్వరగా గట్టిపడతాయి. గాలిలోని ఓజోన్ రబ్బరు అణువుల్లోని ద్విబంధాలను తెంచుతుంది. టైరు పక్కన కనిపించే సన్నని పగుళ్ళకు అదొక కారణం. టైరు వయసును దాని మీదే చదవొచ్చు. చివరి నాలుగు అంకెలు 2319 అయితే అది 2019లో 23వ వారంలో తయారైంది.

బ్రేకు ఫ్లూయిడ్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్-4 ఫ్లూయిడ్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. తేమ చేరాక నిర్దేశించిన కనీస హద్దు 155 డిగ్రీలే. వేగంగా నడిపే కారుకు ఇది ప్రాణాల మీదికి తెచ్చే తేడా. 1,200 కిలోల కారును వంద కిలోమీటర్ల వేగం నుంచి ఆపితే దాదాపు 4.6 లక్షల జౌళ్ళ శక్తి వేడిగా మారుతుంది. 20 డిగ్రీల నీటిని 1.4 లీటర్ల దాకా మరిగే స్థితికి తెచ్చేంత వేడి అది. వరుసగా నాలుగుసార్లు గట్టిగా బ్రేకు వేస్తే పాత ఫ్లూయిడ్‌లో ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవం నొక్కుకుపోదు, ఆవిరి నొక్కుకుపోతుంది. పెడల్ నేల దాకా దిగినా కారు ఆగదు.

ఇప్పుడు బంకుల్లో వస్తున్న ఈ20 పెట్రోలునూ లెక్కలోకి తీసుకోవాలి. అందులోని ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది, పాతరకం రబ్బరు సీళ్ళలో కొన్నింటిని దెబ్బతీస్తుంది. దీనికోసం తయారుకాని కార్లలో ఇంధన గొట్టాలు, సీళ్ళు ముందే పరీక్షించుకోవడం మంచిది.

ఏది ముందు?

కొన్న వెంటనే చాలామంది మనసు పోయేది కొత్త అల్లాయ్ చక్రాల మీదికి, గట్టిగా మోగే సైలెన్సర్ మీదికి. భౌతికశాస్త్రం చెప్పే వరుస వేరు. ముందు ఆగడం, తర్వాత నడవడం, ఆ తర్వాతే పరుగు.

మొదటి విడతలో బ్రేకులు, ఫ్లూయిడ్, టైర్లు, స్టీరింగ్ జాయింట్లు. రెండో విడతలో ఆయిల్, ఫిల్టర్లు, కూలెంట్, పాత గొట్టాలు. టైమింగ్ బెల్ట్ ఉన్న ఇంజిన్‌లో, దాన్ని ఎప్పుడు మార్చారో బిల్లు లేకపోతే మార్చలేదనే అనుకోవాలి. 6,000 చుట్ల దగ్గర ఒక్కో వాల్వు సెకనుకు 50 సార్లు తెరుచుకుంటుంది. చాలా ఇంజిన్లలో బెల్ట్ తెగితే తెరిచి ఉన్న వాల్వును పైకొచ్చే పిస్టన్ గుద్దేస్తుంది. బెల్టుతో పోయేది ఇంజిన్ దాకా వస్తుంది. టర్బో సంగతి మూడోది. నిమిషానికి లక్షకు పైగా తిరిగే ఆ ఇరుసు కూడా ఆయిల్ పొర మీదే తేలుతుంది. గట్టిగా నడిపి వెంటనే ఆపేస్తే ఆయిల్ అక్కడే మాడి మసిగా పేరుకుంటుంది. ఆపే ముందు ఒకటి రెండు నిమిషాలు నెమ్మదిగా తిరగనివ్వాలి.

సామాన్ల కోసం ఢిల్లీవాసులు వెళ్ళేది కశ్మీరీ గేట్ స్పేర్ పార్టుల బజారుకు, మాయాపురి పాత సామాన్ల బజారుకు. పాత తలుపు, అద్దం, సీటు, దీపం నిశ్చింతగా తెచ్చుకోవచ్చు, వాటి స్థితి కంటికి కనిపిస్తుంది. బ్రేకు గొట్టం, బెల్ట్, టైరు, ఎయిర్‌బ్యాగ్ మాత్రం పాతవి వద్దు. వాటి అలసట పైకి కనిపించదు.

నగరం గాలి, చట్టం లెక్క

ఇంత చూసుకున్నా ఢిల్లీలో మరో గడియారం ఉంది. 15 ఏళ్ళు దాటిన వాహనాలు నగరంలో తిరగకూడదని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2014 నవంబరులో చెప్పింది. 2015 ఏప్రిల్‌లో పదేళ్ళు దాటిన డీజిల్ వాహనాలను ఎన్‌సీఆర్ అంతటా ఆపమంది. 2018 అక్టోబరు 29న సుప్రీంకోర్టు ఆ ఆంక్షలను నిలబెట్టింది. 2025 జులై 1 నుంచి అలాంటి వాహనాలకు ఢిల్లీ బంకుల్లో ఇంధనం పోయకూడదన్న ఆదేశం అమల్లోకి వచ్చి, కొద్ది రోజుల్లోనే వాయిదా పడింది. వయసు ఒక్కటే కారణంగా యజమానులపై కఠిన చర్యలు తీసుకోవద్దని 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు ఉత్తర్వు ఇచ్చింది. డిసెంబరులో ఆ రక్షణను బీఎస్-4, ఆపై ప్రమాణాల వాహనాలకే పరిమితం చేసింది. ఇన్నిసార్లు మారిన నిబంధనలు కాబట్టి, కొనే రోజున ఉన్న స్థితిని చూసుకునే డబ్బు కట్టాలి.

ఈ గీత వెనక సాంకేతిక కారణం ఉంది. పెట్రోలు కారు కిలోమీటరుకు విడుదల చేయదగిన కార్బన్ మోనాక్సైడ్ హద్దు బీఎస్-3లో 2.3 గ్రాములు, బీఎస్-4లో ఒక గ్రాము. నైట్రోజన్ ఆక్సైడ్ల హద్దు 0.15 నుంచి 0.08 గ్రాములకు దిగింది. కాబట్టి 2004 నాటి ఆక్టేవియా ఆర్‌ఎస్ ఇంజిన్ ఎంత బాగున్నా ఢిల్లీ రోడ్లకు పనికిరాదు. 2015 నాటి టర్బో పెట్రోలు కారుకు మాత్రం ఇంకా సమయం ఉంది.

అయితే ఆ హద్దులు కొత్త కారుకు పెట్టినవి. అరిగిన రింగుల మీదుగా పైకి చేరి మండే ఆయిల్లో భాస్వరం ఉంటుంది. అది క్యాటలిటిక్ కన్వర్టర్ లోపలి లోహాల మీద పూతలా పేరుకుని వాటి పని చెడగొడుతుంది. పీయూసీ కేంద్రంలో పెట్రోలు కారు పొగలో కార్బన్ మోనాక్సైడ్‌ను, హైడ్రోకార్బన్లను చూస్తారు. నైట్రోజన్ ఆక్సైడ్లను, సూక్ష్మ ధూళి కణాలను కొలవరు. సర్టిఫికెట్ చేతిలో ఉన్న కారు కూడా నగరం గాలిని పాడుచేస్తూ ఉండొచ్చు.

నోయిడా యువకుడు చేయించే కంప్రెషన్ పరీక్ష అందుకే తన జేబు కోసమే కాదు. మీటరు దూరాన్ని చెబుతుంది, రిజిస్ట్రేషన్ కాగితం తేదీని చెబుతుంది. ఆ కారు ఈ రోజు ఎలా ఉందో చెప్పేది గేజ్ మీది ముల్లు. అది చూశాక నచ్చితే కొనుక్కోవచ్చు. నచ్చకపోతే పక్క వరుసలో మరో కారు ఉంటుంది. దాని బానెట్ మీదా ముందు చెయ్యి వేసి చూడాలి.