4.3 క్లౌడ్ డేటా వేర్‌హౌస్‌లో పట్టికను సృష్టించడం

మైఎస్‌క్యూఎల్ వంటి డేటాబేస్‌లో వాడే క్రియేట్ టేబుల్ ఆదేశమే గూగుల్ బిగ్‌క్వెరీ, అమెజాన్ రెడ్‌షిఫ్ట్, స్నోఫ్లేక్ వంటి వేర్‌హౌస్‌లలోనూ ఉంటుంది. ఆదేశం రూపం దాదాపు ఒకటే అయినా, అందులోని కొన్ని మాటల అర్థం వేరు. ఆ తేడాను ఈ భాగంలో తెలుసుకుంటారు.

4.3.1 ఆదేశ స్వరూపం

పలు శాఖలున్న ఒక దుకాణం బిల్లులను బిగ్‌క్వెరీలో దాచాలనుకుందాం. ఆదేశాన్ని ఆంగ్ల అక్షరాలలో టైపు చేయాలి. ఇక్కడ ఉచ్చారణ ఇస్తున్నాం.

క్రియేట్ టేబుల్ సేల్స్.బిల్స్ (
బిల్_నో స్ట్రింగ్ నాట్ నల్,
బిల్_డేట్ డేట్ నాట్ నల్,
షాప్ స్ట్రింగ్,
అమౌంట్ న్యూమరిక్,
ప్రైమరీ కీ (బిల్_నో) నాట్ ఎన్‌ఫోర్స్‌డ్
)
పార్టిషన్ బై బిల్_డేట్;

ఇందులో సేల్స్ అనేది డేటాసెట్, బిల్స్ అనేది పట్టిక. డబ్బు లెక్క పైసాతో సహా సరిపోవాలి కాబట్టి ఫ్లోట్‌కు బదులు న్యూమరిక్ రకాన్ని ఎంచుకున్నాం.

4.3.2 పార్టిషన్ ఎందుకు?

బిగ్‌క్వెరీలో వాడకాన్ని బట్టి చెల్లించే పద్ధతిలో, ప్రశ్న ఎంత డేటాను చదివితే అంత రుసుము పడుతుంది. పట్టికను తేదీలవారీగా విభజిస్తే, వేర్ షరతులో ఒక రోజును పేర్కొన్నప్పుడు ఆ రోజు భాగాన్ని మాత్రమే చదువుతుంది. ఇప్పటికే ఉన్న పట్టికకు తరవాత పార్టిషన్ జోడించలేం. కొత్త పట్టికను సృష్టించి డేటాను అందులోకి మార్చుకోవాలి. కాబట్టి ఈ నిర్ణయాన్ని ముందే తీసుకోండి.

4.3.3 ప్రైమరీ కీ కాపలా కాయదు

మైఎస్‌క్యూఎల్‌లో ఒకే బిల్లు సంఖ్యను రెండోసారి చేర్చబోతే దోష సందేశం వస్తుంది. పై మూడు వేర్‌హౌస్‌ల సాధారణ పట్టికలలో అలా రాదు. నాట్ ఎన్‌ఫోర్స్‌డ్ అంటే అర్థం ఇదే. నాట్ నల్ నియమం మాత్రం అమలవుతుంది.

ఉదాహరణకు, రూ. 2,00,000 విలువైన బిల్లుల ఫైలును పొరపాటున రెండుసార్లు లోడ్ చేశారనుకోండి. మొత్తం అమ్మకం రూ. 4,00,000 అని వస్తుంది. ఏ హెచ్చరికా కనబడదు. పైగా మీరు ప్రకటించిన కీని నిజమని నమ్మి వేర్‌హౌస్ ప్రశ్నను కుదించవచ్చు. అప్పుడు జవాబులు మరో విధంగానూ తప్పవచ్చు.

అందువల్ల ఈ క్రమాన్ని పాటించండి:

1. ఫైలును ముందుగా ఒక తాత్కాలిక పట్టికలోకి లోడ్ చేయండి.
2. అందులో పునరావృతమైన వరుసలను తొలగించండి.
3. ఇన్సర్ట్‌కు బదులు మెర్జ్ ఆదేశంతో, లేని బిల్లులను మాత్రమే అసలు పట్టికలో చేర్చండి.
4. చివరగా బిల్_నో మీద గ్రూప్ బై చేసి, కౌంట్ 1 కంటే ఎక్కువున్న వాటిని హ్యావింగ్‌తో వెతకండి. ఒక్క వరుస కూడా రాకూడదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. పై పట్టికలో బిల్_డేట్ లేని వరుసను చేర్చబోతే ఏమవుతుంది?
2. బిల్_నో రెండుసార్లు వస్తే ఏమవుతుంది? ఈ రెండింటికీ తేడా ఎందుకు?