స్కోరు బోర్డుకెక్కని ఆటగాడు

ఫుట్‌బాల్ అనగానే మనకు కాలితో తన్నే బంతే గుర్తుకొస్తుంది. అమెరికావారి ఫుట్‌బాల్ వేరు. అక్కడ బంతి కోడిగుడ్డు ఆకారంలో వుంటుంది. చేత్తో పట్టుకుని పరుగెత్తుతారు, విసురుతారు. కాలితో పని బహు తక్కువ. జట్టుకు పదకొండుమంది. నాలుగు ప్రయత్నాలలో పది గజాలు ముందుకు సాగాలి, లేకుంటే బంతి ఎదుటివారి పాలవుతుంది.

బంతి విసిరే క్వార్టర్‌బాక్‌కు పేరంతా దక్కుతుంది. అతని ముందు అయిదుగురు బారుగా వుంటారు: మధ్యన సెంటర్, అటూ ఇటూ గార్డులు, ఆ పక్కన టాకిళ్ళు. వీరే అఫెన్సివ్ లైన్‌మెన్. ఎదుటివారు తమ క్వార్టర్‌బాక్ మీద పడకుండా ఆపడం, పరుగెత్తేవాడికి దారి చెయ్యడం వీరి పని. విసిరిన బంతిని అందుకోడానికి మామూలుగా వీరికి హక్కు కూడా లేదు. పెళ్ళిలో వంటవాడి సంగతి తెలుసుగా, ఉప్పెక్కువైతేనే అందరికీ గుర్తొస్తాడు! వీరూ అంతే.

వీరిలో మైక్ వెబ్‌స్టర్ కథ చెప్పుకోదగ్గది. 1952లో విస్కాన్సిన్ రాష్ట్రంలో పుట్టి, అక్కడి విశ్వవిద్యాలయ జట్టులో ఆడాడు. 1974లో పిట్స్‌బర్గ్ స్టీలర్స్ జట్టు అతన్ని అయిదో రౌండులో ఎంచుకుంది. సెంటర్‌గా పదిహేనేళ్ళు అక్కడే ఆడాడు. నాలుగు సూపర్ బౌల్ విజయాలలో పాలుపంచుకున్నాడు. గడ్డకట్టే చలిలోనూ చేతులు కప్పుకోకుండా దిగేవాడు. చివరి రెండేళ్ళు కాన్సాస్ సిటీ చీఫ్స్‌కు ఆడి, మొత్తం 17 సీజన్ల తర్వాత విరమించాడు. 1997లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కింది.

ఇక అసలు సంగతి. సెంటర్ వంగి, కాళ్ళ సందున బంతిని వెనక్కి అందించిన మరుక్షణమే ఎదుటివాడితో ఢీకొనాలి. ప్రతి ఆటకూ ఇదే వరస. స్పృహ తప్పే దెబ్బలు అరుదే, కాని చిన్న చిన్న దెబ్బలకు లెక్కేలేదు. హెల్మెట్ పుర్రెను కాపాడుతుంది గాని, లోపల మెదడు కదలకుండా ఆపలేదు కదా!

ఆట మానాక వెబ్‌స్టర్‌కు మతిమరుపు, తికమక, నిద్రలేమి మొదలయ్యాయి. సంసారం చెదిరింది, డబ్బు పోయింది. ఒక్కోసారి తన ట్రక్కులోనే పడుకునేవాడు. 2002 సెప్టెంబరు 24న గుండెపోటుతో పోయాడు. యాభై ఏళ్ళవాడు.

శవపరీక్ష చేసినవాడు నైజీరియా నుంచి వచ్చిన డాక్టర్ బెన్నెట్ ఒమాలు. మెదడు పైకి మామూలుగానే వుంది. అయినా ఆయన వదిలిపెట్టక, పలచని పొరలుగా కోయించి మైక్రోస్కోపులో చూశాడు. టౌ అనే ప్రోటీన్ అక్కడక్కడా పేరుకుని వుంది! బాక్సర్లలో ఎరిగిన జబ్బే ఇది, క్లుప్తంగా సి.టి.ఇ. అంటారు. 2005లో వ్యాసం వెలువడితే, లీగ్ తరఫు డాక్టర్లు దాన్ని ఉపసంహరించమన్నారు. అదే లీగ్ అధికారి ఒకరు 2016లో, ఈ ఆటకూ ఆ జబ్బుకూ సంబంధం వుందని ఒప్పుకున్నారు. ఈలోగా 2011 ఒప్పందంలో, సీజన్లో ఢీకొని చేసే సాధనను 14 రోజులకు కుదించారు.

వెబ్‌స్టర్ పెన్షన్ తగాదా వేరే నడిచింది. అతను పూర్తిగా అశక్తుడని పెన్షన్ బోర్డు 1999లోనే ఒప్పుకుంది. కాని ఆ అశక్తత ఆడే రోజుల్లోనే వచ్చిందా, తర్వాత వచ్చిందా అన్నదానిపై పేచీ. డబ్బులో తేడా చాలా వుంది. 2006 డిసెంబరులో అప్పీలు కోర్టు అతని వారసుల పక్షాన తీర్పిచ్చింది. అప్పటికి అతను పోయి నాలుగేళ్ళు దాటింది.