ఆక్యుపంక్చర్‌తో నొప్పి తగ్గితే కీళ్లవాతం మందులు ఆపేయొచ్చా?

పొద్దున లేచేసరికి వేళ్లు బిగుసుకుపోయి టీ గ్లాసు కూడా పట్టుకోలేని మనిషికి, ఆరేడు సిట్టింగుల ఆక్యుపంక్చర్ తర్వాత చేతులు తేలికపడ్డాయంటే అది చిన్న తేడా కాదు. అలా ఉపశమనం దొరికినవాళ్లలో కొందరు ఆ తర్వాత వేసే అడుగుతోనే సమస్య. రుమటాయిడ్ ఆర్థరైటిస్‌కో, లూపస్‌కో డాక్టర్ రాసిన మాత్రలు పక్కన పెట్టేస్తారు. నొప్పే లేనప్పుడు మందెందుకు అంటారు.

ప్రశ్న సహజమే. జవాబు తెలియాలంటే సూది గుచ్చినప్పుడు ఒంట్లో ఏం జరుగుతుందో, ఏం జరగదో విడివిడిగా చూడాలి.

సూదికీ ఎండార్ఫిన్‌కూ సంబంధం ఏమిటి?

ఆక్యుపంక్చర్ సూది ఇంజెక్షన్ సూది లాంటిది కాదు. చాలా సన్నగా ఉంటుంది, మధ్యలో రంధ్రం ఉండదు, దాని ద్వారా మందేమీ ఎక్కించరు. శరీరంలో 'చీ' అనే ప్రాణశక్తి కొన్ని దారుల్లో ప్రవహిస్తుందని, అది అడ్డుపడితే జబ్బు వస్తుందని చైనా సంప్రదాయం చెబుతుంది. ఆ దారులు శరీరాన్ని కోసి చూసినవారికి కనిపించలేదు. అయితే సూది దిగినచోట చర్మంలో, కండరంలో ఉన్న నాడుల చివరలు మాత్రం స్పందిస్తాయి. బరువుగా, లాగినట్టుగా, తిమ్మిరిగా అనిపించేది అందుకే. ఆ సంకేతం వెన్నుపాము మీదుగా మెదడుకు చేరుతుంది.

పాశ్చాత్య దేశాల్లో దీనిపై ఆసక్తి పెరగడానికి ఒక పాత్రికేయుడి అపెండిక్స్ కారణం. 1971 జులైలో చైనాలో ఉన్న న్యూయార్క్ టైమ్స్ పాత్రికేయుడు జేమ్స్ రెస్టన్‌కు బీజింగ్ ఆసుపత్రిలో అపెండిక్స్ ఆపరేషన్ చేశారు. తర్వాత కడుపులో ఇబ్బందిగా ఉంటే సూదులు పెట్టారు. ఆయన దాని గురించి పత్రికలో రాశారు. సూదులతోనే ఆపరేషన్ చేశారన్న ప్రచారం ఇప్పటికీ వినిపిస్తుంటుంది కానీ అది నిజం కాదు. ఆపరేషన్ మామూలు మత్తు ఇంజెక్షన్లతోనే జరిగింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే నొప్పి శాస్త్రంలో పెద్ద మలుపు వచ్చింది. నల్లమందు, మార్ఫిన్ లాంటివి మెదడులో వెళ్లి అతుక్కునే గ్రాహకాలను 1973లో గుర్తించారు. బయటి మందు కోసం శరీరం అలాంటి తాళం ఎందుకు పెట్టుకుంటుంది? దానికి సరిపోయే తాళంచెవి లోపలే ఉండాలి కదా. 1975లో స్కాట్లండ్‌లోని అబర్డీన్‌లో జాన్ హ్యూస్, హాన్స్ కోస్టర్లిట్జ్ దాన్ని పట్టుకున్నారు. శరీరం తనంతట తాను తయారుచేసుకునే మార్ఫిన్ లాంటి ఈ పదార్థాల కుటుంబాన్నే ఇప్పుడు ఎండార్ఫిన్లు అంటున్నాం.

సూదులకు, వీటికి ముడి ఉందని ఎలా తెలిసింది? నాలోక్సోన్ అనే మందు ఉంది. మార్ఫిన్ పనిచేసే తాళాలకు అది అడ్డుపడుతుంది. మత్తుమందు మోతాదు మించినవారిని బతికించడానికి ఇచ్చేది అదే. 1977లో అమెరికాలో కొందరు వలంటీర్లకు ఆక్యుపంక్చర్‌తో పంటి నొప్పి తగ్గించి, ఆ తర్వాత నాలోక్సోన్ ఇచ్చి చూశారు. ఉపశమనం పోయింది. చైనాలో హాన్ జీషెంగ్ బృందం సూదులకు స్వల్ప విద్యుత్తు కలిపి పరీక్షించింది. సెకనుకు 2 సార్లు ఇస్తే ఒక రకం, 100 సార్లు ఇస్తే మరో రకం పదార్థం విడుదలవుతున్నట్టు తేల్చింది.

'సూదులతో ఎండార్ఫిన్లు విడుదలవుతాయి' అని క్లినిక్ కరపత్రాల్లో కనిపించే మాటకు ఆధారం ఇదే. మాట అబద్ధం కాదు, అలాగని పూర్తి నిజమూ కాదు. తర్వాత జరిగిన కొన్ని ప్రయోగాల్లో నాలోక్సోన్ ఇచ్చినా ఉపశమనం పోలేదు. మరో సంగతి ఇంకా ముఖ్యం. 1978లో పన్ను పీకించుకున్నవారికి ఉత్తుత్తి మందు ఇస్తే, మందు పడిందన్న నమ్మకంతోనే కొందరికి నొప్పి తగ్గింది. నాలోక్సోన్ ఇస్తే ఆ ఉపశమనం కూడా పోయింది. అంటే తగ్గుతుందన్న ఆశకు కూడా ఎండార్ఫిన్లను కదిలించే శక్తి ఉంది. పైగా వీటి ప్రభావం నిలిచేది కొద్ది సేపే. నెలల తరబడి ఉండే ఉపశమనానికి కారణం ఎండార్ఫిన్లు ఒక్కటే అనుకోలేం.

దీర్ఘకాలిక నొప్పి ఎంత తగ్గుతుంది?

నడుము, మెడ, మోకాలి అరుగుదల, తరచూ వచ్చే తలనొప్పి. వీటిపై పరీక్షలు చాలానే జరిగాయి. దాదాపు 18 వేల మంది రోగుల వివరాలను ఒకచోట చేర్చిన విశ్లేషణ 2012లో వెలువడింది. అందులోని లెక్క సామాన్యులకు కూడా అర్థమయ్యేలా ఉంటుంది. వందకు 60 మార్కుల నొప్పితో వచ్చిన మనిషికి సూదులు పెట్టకపోయినా కొన్నాళ్లకు అది దాదాపు 43కు వస్తుంది. ఉత్తుత్తి సూదులు పెడితే 35కు, అసలు సూదులు పెడితే 30కు దిగుతుంది.

ఈ మూడు అంకెల్లోనే వాదమంతా ఉంది. ఏమీ చేయనివారితో పోలిస్తే 13 మార్కుల తేడా, అది రోగికి తెలుస్తుంది. ఉత్తుత్తి సూదులతో పోలిస్తే మాత్రం తేడా 5 మార్కులే. జర్మనీలో నడుము నొప్పి ఉన్న 1162 మందిపై జరిపి 2007లో ప్రచురించిన పరీక్షలో సూదులు పెట్టినవారిలో 47.6 శాతం మంది మెరుగయ్యారు. సరైన చోట కాకుండా వేరేచోట పైపైన గుచ్చినవారిలో 44.2 శాతం, మామూలు చికిత్స తీసుకున్నవారిలో 27.4 శాతం. సూది ఎక్కడ పడిందన్నదాని కంటే సూది పడటం, ఒకరు అరగంట కూర్చుని మన బాధ వినడం ఎక్కువ పనిచేస్తున్నాయేమో అనిపిస్తుంది.

ఈ ఫలితాలనే ప్రభుత్వాలు రకరకాలుగా చదువుకున్నాయి. జర్మనీ దీర్ఘకాలిక నడుము నొప్పికి, మోకాలి నొప్పికి ప్రజా ఆరోగ్య బీమాలో చోటిచ్చింది. అమెరికా మెడికేర్ 2020 జనవరి నుంచి దీర్ఘకాలిక నడుము నొప్పికి 90 రోజుల్లో 12 సిట్టింగులకు డబ్బు ఇస్తోంది, గుణం కనిపిస్తే మరో 8. గుణం లేకపోతే అక్కడితో ఆపేయాలి. బ్రిటన్‌ మార్గదర్శకాల సంస్థ నైస్ 2016లో నడుము నొప్పికి వద్దంది. 2021లో మాత్రం కారణం తెలియని దీర్ఘకాలిక నొప్పికి ఒక విడత ప్రయత్నించవచ్చని చెప్పింది. సొంత డబ్బు పెట్టుకునే మనకు అమెరికా షరతు పనికొస్తుంది. పది పన్నెండు సిట్టింగుల్లో తేడా లేకపోతే 'ఇంకో ప్యాకేజీ తీసుకోండి' అన్న మాట వినక్కర్లేదు.

ఆటోఇమ్యూన్ జబ్బుల సంగతి వేరు

నడుము నొప్పిలో చాలావరకు నొప్పే జబ్బు. రుమటాయిడ్ ఆర్థరైటిస్‌లో నొప్పి జబ్బు తాలూకు ఒక లక్షణం మాత్రమే. మన రోగనిరోధక వ్యవస్థే పొరబడి కీలు లోపలి పొర మీద దాడి చేస్తుంది. వాపు కొనసాగితే ఎముక అంచులు కోసుకుపోతాయి. ఈ నష్టం చాలామందిలో మొదటి రెండేళ్లలోనే మొదలవుతుంది, మళ్లీ పూడదు. లూపస్‌లో ఇంకా మాయగా ఉంటుంది. కీళ్ల నొప్పులు సర్దుకున్నాయని మనిషి హాయిగా ఉన్నప్పుడే కిడ్నీలు దెబ్బతినవచ్చు. కిడ్నీకి నొప్పి తెలియదు. మూత్రంలో ప్రొటీన్ పోతోందని పరీక్ష చేస్తే తప్ప బయటపడదు.

మరి సూదులు ఆ దాడిని ఆపుతాయా? రుమటాయిడ్ ఆర్థరైటిస్‌పై 2005లో వచ్చిన కాక్రేన్ సమీక్షకు దొరికినవి రెండే చిన్న పరీక్షలు. ఆక్యుపంక్చర్ వల్ల ఈఎస్ఆర్, సీఆర్పీల్లో గానీ, వాచిన కీళ్ల సంఖ్యలో గానీ మార్పు కనిపించలేదు.

ఆశ కలిగించే పరిశోధన లేకపోలేదు. 2021లో నేచర్ పత్రికలో వచ్చిన అధ్యయనంలో ఎలుకల వెనక కాలిలో ఒకచోట స్వల్ప విద్యుత్తుతో సూది పెడితే వేగస్ నాడి ద్వారా అడ్రినల్ గ్రంథికి సంకేతం వెళ్లి, ఒంట్లో వాపు తగ్గింది. పొట్ట దగ్గర పెడితే ఆ ఫలితం రాలేదు. అందుకు కారణమైన నాడీకణాలను కూడా గుర్తించారు. ముచ్చటైన పరిశోధనే. కానీ అది బ్యాక్టీరియా విషం ఎక్కించి అప్పటికప్పుడు తెప్పించిన వాపు, ఏళ్ల తరబడి సాగే మనిషి కీళ్లవాతం కాదు. ఈ అధ్యయనాన్ని చూపించి 'లూపస్ తగ్గిస్తాం' అనేవారి మాట నమ్మొద్దు.

ఇక్కడే చాలామంది పొరబడే చోటు ఒకటుంది. రుమటాయిడ్ ఆర్థరైటిస్‌కు మొదట రాసే మెథోట్రెక్సేట్ పని మొదలుపెట్టడానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది. నెలన్నర వేసుకున్నా గుణం లేదని విసిగి ఎవరో చెబితే సూదులకు వెళ్తారు. మరో నెలకు నొప్పి తగ్గుతుంది. పేరు సూదికి వస్తుంది, మాత్ర మూలన పడుతుంది. పైగా ఈ జబ్బుకు ఎక్కువ తక్కువలు సహజం. బాధ బాగా ముదిరినప్పుడే కొత్త వైద్యం వెతుక్కుంటాం కాబట్టి, ఆ తర్వాత ఏం చేసినా కొంత తగ్గినట్టే ఉంటుంది.

మెథోట్రెక్సేట్ గురించి చెబుతున్నాం కాబట్టి ఒక హెచ్చరిక. కీళ్లవాతానికి దీన్ని వారానికి ఒక్కసారే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. స్టిరాయిడ్ మాత్రలను నెలల తరబడి వాడి ఒక్కసారిగా ఆపడం కూడా ప్రమాదమే. అప్పటికి శరీరం సొంత స్టిరాయిడ్ తయారీ తగ్గించేసి ఉంటుంది. బీపీ పడిపోయి కుప్పకూలే అవకాశం ఉంది. సూదులతో గుణం కనిపిస్తే ఆ సంగతి డాక్టర్‌కు చెప్పి, వాపు కూడా తగ్గిందని పరీక్షల్లో తేలాక మోతాదు మార్చుకోవచ్చు. నొప్పి మాత్రల వాడకమైతే ముందుగానే తగ్గొచ్చు. కిడ్నీలకు, కడుపుకు అదే పెద్ద మేలు.

మన దగ్గర ఎవరు చేయొచ్చు?

1938లో డాక్టర్ కోట్నిస్‌తో పాటు చైనా వెళ్లిన వైద్య బృందంలోని డాక్టర్ బిజయ్ కుమార్ బసు, 1950ల చివర్లో మళ్లీ అక్కడికి వెళ్లి ఆక్యుపంక్చర్ నేర్చుకుని కలకత్తాలో మొదలుపెట్టారు. అందుకేనేమో దీనిపై రాష్ట్ర చట్టం కూడా పశ్చిమ బెంగాల్‌లోనే ముందుగా, 1996లో వచ్చింది. మహారాష్ట్ర తర్వాత చట్టం చేసి ప్రత్యేక మండలి పెట్టుకుంది. ఆ చట్టాలు ఆ రాష్ట్రాల వరకే.

కేంద్ర ఆరోగ్యశాఖ 2003లో దీన్ని ఒక చికిత్సా పద్ధతిగా గుర్తించింది. రిజిస్టరైన వైద్యులు గానీ తగిన శిక్షణ ఉన్నవారు గానీ చేయొచ్చంది. 2019 ఫిబ్రవరిలో స్వతంత్ర వైద్య విధానంగా గుర్తిస్తూ మరో ఉత్తర్వు వచ్చింది. 'తగిన శిక్షణ' అన్న మాట చాలా విశాలమైనది, వారాంతపు సర్టిఫికెట్లు గోడకు వేలాడేది దాని నీడలోనే. కాబట్టి సర్టిఫికెట్ కంటే ముందు మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉందా, లేక ప్రకృతి వైద్యంలో బీఎన్‌వైఎస్ డిగ్రీ ఉందా అని అడగండి. ఐదున్నరేళ్ల ఆ డిగ్రీలో ఆక్యుపంక్చర్ ఒక పాఠ్యాంశం. ఆయుష్ పేరులోని వైద్య విధానాల్లో ఆక్యుపంక్చర్ లేదు. అందుకే పాలసీలో ఆయుష్ కవరేజీ అని రాసి ఉన్నా సూదుల ఖర్చు వస్తుందో లేదో బీమా కంపెనీ నుంచి ముందే రాతపూర్వకంగా తెలుసుకోవడం మేలు.

కీళ్ల జబ్బు అనుమానం ఉంటే మొదటి గుమ్మం మాత్రం ఆక్యుపంక్చర్ క్లినిక్ కాకూడదు. పొద్దున అరగంటకు మించి కీళ్లు బిగుసుకుపోవడం, రెండు చేతుల్లోనూ వేళ్ల కీళ్లు వాయడం, ఆరు వారాలైనా తగ్గకపోవడం కనిపిస్తే ప్రభుత్వ ఆసుపత్రి జనరల్ మెడిసిన్ ఓపీకి వెళ్లి రుమటాలజిస్టుకు రాయించుకోండి. హైదరాబాద్ నిమ్స్‌లో రుమటాలజీ విభాగం ఉంది. మెథోట్రెక్సేట్ జాతీయ అత్యవసర మందుల జాబితాలో ఉన్న మందే.

సూదులకు వెళ్లేటప్పుడు

సీల్ ఉన్న సూదుల ప్యాకెట్ మీ ముందే విప్పాలి, వాడాక పారేయాలి. పారేసేది ఎక్కడో కూడా చూడండి. వాడిన సూదులు గుచ్చుకోని తెల్లటి పారదర్శక డబ్బాలో వేయాలని జీవవైద్య వ్యర్థాల నిబంధనలు చెబుతున్నాయి. మామూలు చెత్తబుట్టలో వేస్తున్నారంటే మిగతా శుభ్రత కూడా అలాగే ఉంటుందనుకోవచ్చు. రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడేవారికి చిన్న ఇన్ఫెక్షన్ కూడా పెద్దదవుతుంది కాబట్టి ఇది చాదస్తం కాదు.

రక్తం పల్చబడే మందులు వాడుతున్నా, గర్భిణి అయినా ముందే చెప్పాలి. పేస్‌మేకర్ ఉన్నవారు విద్యుత్తు కలిపే సూదులు పెట్టించుకోకూడదు. సూదులతో పాటు పేరు, తయారీ వివరాలు లేని పొడులు, మాత్రలు ఇస్తే తీసుకోవద్దు. అలాంటి వాటిలో స్టిరాయిడ్ కలిపి ఉండొచ్చు.

సూది గుచ్చినచోట కాస్త నెత్తురు, కమిలిన మచ్చ, కొద్దిగా కళ్లు తిరగడం మామూలే. ఛాతీ, భుజాలు, పైవీపు భాగంలో సూదులు పెట్టించుకున్న కొన్ని గంటల్లో ఛాతీలో పొడిచినట్టు నొప్పి వచ్చినా, ఆయాసం వచ్చినా మాత్రం వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లాలి. అరుదుగానైనా సూది ఊపిరితిత్తి పొరకు తగిలి గాలి చేరుతుంది. అక్కడి డాక్టర్‌కు సూదులు పెట్టించుకున్న సంగతే మొదట చెప్పండి.