ఉగాది తేదీ ఎందుకు మారుతుంది, సంక్రాంతిది ఎందుకు మారదు?

సంక్రాంతికి తణుకు రావాలనుకునేవాళ్లు పంచాంగం చూడకుండానే రైలు టిక్కెట్టు తీసుకోవచ్చు. జనవరి 14 కాకపోతే 15. ఉగాదికి ఆ ధీమా కుదరదు. 2023లో మార్చి 22న వచ్చింది, 2024లో ఏప్రిల్ 9న, 2025లో మార్చి 30న, 2026లో మార్చి 19న. రెండూ ఒకే పంచాంగంలోని పండగలే. మరెందుకీ తేడా?

సంక్రాంతిది సూర్యుడి లెక్క. భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతుంటే, మన కంటికి సూర్యుడే నక్షత్రాల మీదుగా రాశి నుంచి రాశికి మారుతున్నట్టుంటుంది. మకరంలో అడుగుపెట్టిన రోజు మకర సంక్రాంతి. ఆ చుట్టు 365 రోజుల ఆరు గంటల పైచిలుకు. ఉగాదిది చంద్రుడి లెక్క: ఫాల్గుణ అమావాస్య వెళ్లాక వచ్చే పాడ్యమి.

అమావాస్యకూ అమావాస్యకూ మధ్య సుమారు 29న్నర రోజులు. కానీ చంద్రుడు భూమిని చుట్టిరావడానికి 27 రోజుల ఎనిమిది గంటలు చాలు. మిగతా రెండు రోజులూ ఎక్కడివి? గడియారం చూడండి. పన్నెండింటికి కలిసిన ముళ్లలో పెద్దది ఒక చుట్టు తిరిగి పన్నెండుకి వచ్చేసరికి చిన్నది ఒంటిగంటకి జరిగిపోతుంది. దాన్ని అందుకోవడానికి మరో ఐదు నిమిషాలు పైన పడతాయి. చంద్రుడి చుట్టు ముగిసేలోగా భూమి కూడా తన దారిలో 27 డిగ్రీలు ముందుకు వెళ్తుంది, సూర్యుడు కనిపించే దిక్కు మారిపోతుంది. ఆ దిక్కు చేరడానికే ఆ అదనపు రోజులు.

ఇలాంటి నెలలు 12 కలిపితే 354 రోజులే. అందుకే ఉగాది ఏటా పది పదకొండు రోజులు ముందే వచ్చేస్తుంది. అలా వదిలేస్తే కొన్నాళ్లకు మాఘంలో మామిడిపళ్లు తినాల్సి వస్తుంది. వదలకుండా పట్టేది అధిక మాసం. రెండు అమావాస్యల మధ్య సూర్యుడు కొత్త రాశిలోకి మారకపోతే ఆ నెల అధికం. 19 ఏళ్లలో ఇలాంటివి ఏడొస్తాయి. 2023లో శ్రావణం రెండుసార్లు వచ్చింది కనకనే 2024 ఉగాది ఏప్రిల్‌లో పడింది.

అధిక మాసాలు ఏయే నెలల్లో వస్తాయో గమనిస్తే ముచ్చటేస్తుంది. 2012లో భాద్రపదం, 2015లో ఆషాఢం, 2018లో జ్యేష్ఠం, 2020లో ఆశ్వయుజం, 2023లో శ్రావణం, 2026లో మళ్లీ జ్యేష్ఠం. చలికాలపు నెల ఒక్కటీ లేదు. భూమి దారి కాస్త కోలగా ఉంటుంది. జనవరి మొదట్లో సూర్యుడికి 14.7 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉంటాం, జూలై మొదట్లో 15.2 కోట్లు. దూరమైన కొద్దీ భూమి నడక మందగిస్తుంది. దాంతో సూర్యుడు మిథునం దాటడానికి 31 రోజులు పైనే తీసుకుంటాడు, ధనుస్సును మాత్రం 29న్నర రోజుల్లోపే దాటేస్తాడు. చాంద్రమాసం ఒకటి పూర్తిగా ఇమిడేంత చోటు మిథునంలో ఉంది, ధనుస్సులో లేదు. పంచాంగం ముందు పెట్టుకుంటే, భూమి ఎప్పుడు నెమ్మదిస్తుందో ఇంట్లో కూర్చునే పట్టుకోవచ్చు.

సంక్రాంతి కూడా పూర్తిగా నిలకడ కాదు. వివేకానందుడు పుట్టిన 1863 జనవరి 12 సంక్రాంతి రోజే. భూమి ఇరుసు దాదాపు 26 వేల ఏళ్లకొక చుట్టు చొప్పున తన దిశ మార్చుకుంటుంది. రుతువులు ఆ ఇరుసు వాలును బట్టి వస్తాయి, రాశులేమో నక్షత్రాలను బట్టి. రెండింటికీ ఏడాదికి 20 నిమిషాల ఎడం, 72 ఏళ్లకు ఒక రోజు. సూర్యుడు నిజంగా ఉత్తరానికి మళ్లేది డిసెంబర్ 21, 22 తేదీల్లోనే. దాదాపు 1700 ఏళ్ల కిందట సంక్రాంతీ ఆ రోజుల్లోనే ఉండేది.

కార్తెలదీ నక్షత్రాల లెక్కే. ఇప్పుడు మృగశిర జూన్ 7, 8 తేదీల్లో ప్రవేశిస్తోంది, తొలకరితో పాటే. వాన రుతువును బట్టి పడుతుంది, కార్తెను బట్టి కాదు. కాబట్టి వెయ్యేళ్ల తర్వాత మృగశిర జూన్ 20 దాటాక వస్తుంది. గోదావరి కాలువల కింద నారు పోయాలనుకునే అప్పటి రైతు రోహిణి కార్తెను చూసుకోవాలి.